కరెంటు ఎంత ఉందని కాదు.. ఏ గంటకు ఉందన్నదే అసలు లెక్క

ఘట్‌కేసర్ దాటి ఘనాపూర్ వైపు వెళ్లేవాళ్లకు పొలాల మీదుగా, కొత్త వెంచర్ల మీదుగా సాగిపోయే పెద్ద పెద్ద కరెంటు టవర్లు కనిపిస్తాయి. రామగుండం నుంచి వచ్చే 400 కేవీ లైన్లు ఇక్కడి పవర్‌గ్రిడ్ సబ్‌స్టేషన్‌కు చేరతాయి. హైదరాబాద్‌కు కరెంటు వచ్చే పెద్ద దర్వాజాల్లో ఇదొకటి. రోజూ దాని పక్కనుంచే పోతుంటాం గానీ, ఆ తీగల్లో వచ్చేది ఎక్కడి కరెంటు, రేపు కూడా ఇలాగే వస్తుందా అని మనం పెద్దగా అడగం. కరెంటు పోయినప్పుడే అది గుర్తొస్తుంది.

అడగాల్సిన సమయం మాత్రం వచ్చింది. 2025 మార్చి 20న తెలంగాణలో విద్యుత్ డిమాండ్ 17,162 మెగావాట్లకు చేరింది. అప్పటిదాకా అదే రికార్డు. అది రంజాన్ మాసం. ఒక పక్క యాసంగి వరికి బోర్లు నడుస్తున్నాయి, ఇంకో పక్క ఎండ ముదిరి ఇళ్లలో ఏసీలు, కూలర్లు మొదలయ్యాయి. తెల్లవారుజామున సహరీకి లేచిన ఇంట్లోనూ, ఇఫ్తార్ తర్వాత తరావీహ్‌కు నిండిన మసీదులోనూ లైట్లు, ఫ్యాన్లు తిరగాల్సిందే. ఈ రెండు వేళల్లోనూ ఆకాశంలో సూర్యుడు ఉండడు. రాబోయే కాలపు కరెంటు సమస్య అంతా ఈ చిన్న మాటలోనే ఉంది. అదెలాగో చూద్దాం.

డిమాండ్ ఎక్కడిదాకా వచ్చింది?

2014లో రాష్ట్రం ఏర్పడేనాటికి మన గరిష్ఠ డిమాండ్ ఏడు వేల మెగావాట్లకు అటూ ఇటూ ఉండేది. అంతకు ముందు ఏళ్లలో పరిశ్రమలకు 'పవర్ హాలిడే' పేరుతో వారంలో కొన్ని రోజులు కరెంటు ఆపేసిన సంగతి నాచారం, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో పనిచేసినవాళ్లకు ఇంకా గుర్తుంది. షెడ్డు మూసిన రోజు కూలీ రాదు, కానీ ఇంటద్దె మాత్రం ఆగదు.

పదేళ్లు తిరిగేసరికి ఆ డిమాండ్ రెట్టింపు దాటింది. 2024 మార్చిలో 15,623 మెగావాట్లు, మరుసటి ఏడాది 17,162. ఒక్క గ్రేటర్ హైదరాబాద్ డిమాండే 2024 మే నెలలో 4,300 మెగావాట్లు దాటింది. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించిన క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ అంచనా ప్రకారం గరిష్ఠ డిమాండ్ 2027-28 నాటికి 24,215 మెగావాట్లకు, 2034-35 నాటికి 31,809 మెగావాట్లకు చేరుతుంది. అంటే ఇంకో పదేళ్లలో మళ్లీ దాదాపు రెట్టింపు.

ఎందుకు పెరుగుతోంది? పల్లెల్లో బోర్లు ఒక కారణం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అమల్లోకి వచ్చింది. నగరంలో ఏసీలు, లిఫ్టులు, అపార్టుమెంట్ల మోటార్లు, మెట్రో, డేటా సెంటర్లు పెరిగాయి. ఇప్పుడు వాటికి ఎలక్ట్రిక్ వాహనాలు తోడవుతున్నాయి. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 2025లో హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. ఇంతకాలం పెట్రోలు బంకులో, డీజిల్ ట్యాంకులో ఉన్న అవసరం మెల్లగా కరెంటు మీటరు మీదికి వస్తోందన్నమాట.

నిజాం కాలపు బొగ్గు నుంచి సోలార్ దాకా

హైదరాబాద్‌లో కరెంటు కథ పాతదే. నిజాం పాలనలో 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం కట్టారు. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్, ప్రసాద్స్ ఉన్న ప్రాంతం అదే. అప్పట్లో నగరం మధ్యనే బొగ్గు కాల్చి నగరానికే కరెంటు ఇచ్చేవాళ్లు. తర్వాత కేంద్రాలు బొగ్గు గనుల దగ్గరకు, అంటే రామగుండం, పాల్వంచ వైపు వెళ్లాయి. కరెంటు మాత్రం తీగల మీద నగరానికి రావడం మొదలైంది. ఘనాపూర్ టవర్లు ఆ మార్పుకు గుర్తు.

ఇప్పుడు ఆ తరం కేంద్రాలు కూడా ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. 1971 నుంచి నడిచిన రామగుండం 62.5 మెగావాట్ల 'బి' కేంద్రం 2024లో మూతపడింది. పాల్వంచలో పాత కేటీపీఎస్ యూనిట్లను ఆపేశాక, వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో నేలకూల్చారు. అలాగని బొగ్గు కథ అయిపోలేదు. రామగుండంలో ఎన్టీపీసీ 1,600 మెగావాట్ల తెలంగాణ ప్రాజెక్టు వచ్చింది. మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి వచ్చింది. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి యూనిట్లను 2024 చివరి నుంచి ఒక్కొక్కటిగా గ్రిడ్‌కు జత చేస్తున్నారు.

రెండో పక్క సోలార్ పెరుగుతోంది. రామగుండంలోనే ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల నీటిపై తేలే సోలార్ ప్లాంటు 2022లో పూర్తయింది. 2030 నాటికి అదనంగా 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్ తేవాలన్నది రాష్ట్ర పాలసీ లక్ష్యం. మనకు గాలి కరెంటు దాదాపు లేనట్టే, 128 మెగావాట్లు మాత్రమే. కాబట్టి ఆ లక్ష్యంలో సింహభాగం సోలారే కావాలి. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది.

మధ్యాహ్నం మిగులు, సాయంత్రం తగులు

ముందు ఒక సంగతి. ప్లాంటు సామర్థ్యం వేరు, అది ఇచ్చే కరెంటు వేరు. వంద మెగావాట్ల బొగ్గు ప్లాంటు రాత్రింబవళ్లు నడవగలదు. వంద మెగావాట్ల సోలార్ ప్లాంటు మధ్యాహ్నం పన్నెండుకు బాగా ఇస్తుంది, సాయంత్రం నాలుగుకు తగ్గుతుంది, ఏడుకు సున్నా. ఏడాది మొత్తం సగటు తీస్తే దాని సామర్థ్యంలో సుమారు ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు పని జరుగుతుంది. 2025లో దేశం స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటి ఇంధనాలు కానివేనని కేంద్రం ప్రకటించింది. అది నిజమే. కానీ మన మీటర్ల దాకా వచ్చే యూనిట్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గువే. రెండూ నిజాలే, కొలిచే గిన్నెలు వేరు.

రెండో సంగతి. కరెంటును గోదాములో బస్తాల్లా పేర్చి ఉంచలేం. వాడే క్షణానికే అంతే తయారు కావాలి. దేశమంతా ఒకే గ్రిడ్, దాని లయ సెకనుకు 50 సార్లు. తయారీ తగ్గితే ఆ లయ పడిపోతుంది, ఎక్కువైతే పెరుగుతుంది. మరీ తప్పితే రక్షణ పరికరాలు తమంతట తామే లైన్లు తెంపేస్తాయి. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకట్లో మునిగింది అలాగే. అప్పటికి దక్షిణాది గ్రిడ్ వాళ్లతో పూర్తిగా కలవలేదు కాబట్టి మనం బయటపడ్డాం. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో మనమూ కలిశాం. ఇప్పుడు లాభమైనా నష్టమైనా అందరిదీ ఒకటే.

ఈ రెండు సంగతులు కలిపి చూడండి. అర్థం కావడానికి కొన్ని ఊహా అంకెలు వేసుకుందాం. మధ్యాహ్నం రెండుకు డిమాండ్ 15,000 మెగావాట్లు, అందులో సోలార్ 4,500 ఇస్తోంది. మిగతా ప్లాంట్లు 10,500 ఇస్తే చాలు. సాయంత్రం ఏడుకు డిమాండ్ 13,000కు తగ్గింది. తగ్గింది కదా, హాయి అనుకుంటాం. కానీ సోలార్ సున్నా. ఇప్పుడు మిగతా ప్లాంట్లే 13,000 ఇవ్వాలి. వాడకం రెండు వేలు తగ్గింది, వాటి మీద బరువు మాత్రం రెండున్నర వేలు పెరిగింది. అదీ నాలుగైదు గంటల్లోనే.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ గీత గీస్తే బాతు ఆకారంలో వచ్చింది. మధ్యాహ్నం పొట్టలా కిందికి దిగి, సాయంత్రం మెడలా నిట్టనిలువునా లేచింది. సోలార్ ఎంత పెడితే ఆ మెడ అంత నిటారుగా అవుతుంది. కాబట్టి "ఇన్ని వేల మెగావాట్ల సోలార్ పెట్టాం" అనే ప్రకటన విన్నప్పుడు, "మరి రాత్రి ఏడు గంటలకు?" అని అడగడం నేర్చుకోవాలి.

ఆ సాయంత్రాన్ని దాటించేదెవరు?

మొదటిది నీళ్లు. మన రాష్ట్రానికి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. నాగార్జునసాగర్‌లో 100.8 మెగావాట్లవి ఏడు ఉన్నాయి. ఇవి రెండు వైపులా తిరిగే యంత్రాలు. పైనుంచి నీళ్లు వదిలితే కరెంటు ఇస్తాయి, కరెంటు ఇస్తే కింది నీళ్లను మళ్లీ పైకి తోడతాయి. అంటే మధ్యాహ్నం మిగిలిన సోలార్‌తో నీళ్లు పైకెత్తి, రాత్రి వదలొచ్చు. వంద యూనిట్లు ఖర్చుపెడితే 75-80 తిరిగొస్తాయి. పైగా నిమిషాల్లో మొదలవుతాయి. కాకపోతే పైన, కింద నీళ్లుండాలి. ఆ నీళ్ల మీద సాగు, తాగునీటి అవసరాలు, రెండు రాష్ట్రాల పంపకాలు ఉన్నాయి. యంత్రాల నిర్వహణ కూడా ఆషామాషీ కాదు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదం తొమ్మిది మంది ప్రాణాలు తీసిన సంగతి మరచిపోకూడదు.

రెండోది బ్యాటరీలు. మన ఇంట్లో ఇన్వర్టర్ చేసే పనే, కంటైనర్ల సైజులో. ఇక్కడ రెండు అంకెలు చూడాలి. ఉదాహరణకు 250 మెగావాట్ల బ్యాటరీ రెండు గంటలు నడిచేదైతే, అందులో ఉన్నది 500 మెగావాట్-అవర్లు, అంటే ఐదు లక్షల యూనిట్లు. ఆ రెండు గంటలు దాటాక అది ఖాళీ డబ్బా. సాయంత్రపు ఎత్తు దాటించడానికి బాగా పనికొస్తుంది గానీ, సహరీ దాకా లాగలేదు. కాలిఫోర్నియా 2024 నాటికి 10,000 మెగావాట్లకు మించి బ్యాటరీలు పెట్టుకుంది.

మూడోది బొగ్గు ప్లాంట్లనే వంచడం. ఇవి ఎడ్లబండి లాంటివి, ఆగితే మళ్లీ కదలడానికి గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం పూర్తిగా ఆపకుండా తక్కువ లోడుపై నడిపి, సాయంత్రం పెంచుతారు. దీన్ని దశలవారీగా 40 శాతం లోడుదాకా దించగలగాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధన తెచ్చింది. ఇలా ఎత్తుతూ దించుతూ నడిపితే బాయిలర్లు, పైపులు త్వరగా అరుగుతాయి, యూనిట్‌కు పట్టే బొగ్గు పెరుగుతుంది. ఆ ఖర్చు చివరికి ఎవరి బిల్లులోకి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో హెచ్చరిక కూడా ఉంది. 2025 ఏప్రిల్ 28న పట్టపగలు స్పెయిన్, పోర్చుగల్ దేశాలు చీకటైపోయాయి. కరెంటు సరిపోక కాదు, గ్రిడ్‌లో వోల్టేజీ అదుపు తప్పి. మూలాలు మారినప్పుడు లైన్లు, సబ్‌స్టేషన్లు, వోల్టేజీని పట్టి ఉంచే పరికరాలు కూడా మారాలన్నది దాని పాఠం. అత్యధిక వోల్టేజీ పరికరాలను పరీక్షించే సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇనిస్టిట్యూట్ ప్రయోగశాల మన ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు మీదే ఉందని చాలామందికి తెలీదు.

పోచారం చెప్పిన పాఠం

నాలుగో దారి అన్నిటికంటే చౌక. అసలు అవసరాన్నే తగ్గించడం, లేదా వేళ మార్చడం. దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ఘట్‌కేసర్ పక్కన పోచారం చాలు.

అక్కడి ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో 2011లో ఒక భవనాన్ని రెండు సమాన భాగాలుగా కట్టారు. ఒక సగానికి మామూలుగా చల్లగాలి ఊదే ఏసీ. ఇంకో సగంలో స్లాబులోనే పైపులు వేసి, వాటిలో చల్లని నీళ్లు తిప్పారు. స్లాబే చల్లబడి గదిని చల్లబరుస్తుంది, తాజా గాలి విడిగా వస్తుంది. ఒకే ఎండ, ఒకే రకం పని, ఒకే కప్పు. రెండేళ్లు కొలిచి చూస్తే చల్లబరచడానికి పట్టిన కరెంటు రెండో సగంలో దాదాపు మూడో వంతు తక్కువ. కట్టడానికి ఖర్చు కూడా ఎక్కువ కాలేదు. ప్రపంచవ్యాప్తంగా భవన ఇంజినీర్లు చర్చించుకున్న ఫలితం ఇది.

మన ఇళ్లకు అదే పద్ధతి రాకపోవచ్చు. కానీ సూత్రం వస్తుంది. వేసవి రాత్రి పదికి కూడా ఇల్లు కాలుతోందంటే, పగలంతా స్లాబు తాగిన ఎండ అది. డాబా మీద తెల్లని కూల్ రూఫ్ పెయింట్ వేస్తే ఆ వేడి తగ్గుతుంది, ఏసీ తక్కువసేపు నడుస్తుంది. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30-35 వాట్లతో సరిపెడుతుంది. ఏసీని 18కి బదులు 25-26 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకున్నా తేడా కనిపిస్తుంది. ఇవి సూర్యుడు లేని గంటల్లో ఆదా అయ్యే యూనిట్లు, అందుకే వాటి విలువ ఎక్కువ.

నాచారం షెడ్డు, ఉప్పల్ అద్దె ఇల్లు

వేళను బట్టి రేటు మారడం ఇక మామూలు కానుంది. హెచ్‌టీ కనెక్షన్ ఉన్న పెద్ద పరిశ్రమలకు పీక్ గంటల్లో అదనపు ఛార్జీ, అర్ధరాత్రి తగ్గింపు ఇప్పటికే తెలిసిన సంగతే. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం ఎండ ఉన్న గంటల్లో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువగా, పీక్ గంటల్లో ఎక్కువగా ఉండాలి. ఇళ్లకైతే స్మార్ట్ మీటర్లు పెట్టాకే ఇది వర్తిస్తుంది. వ్యవసాయాన్ని మినహాయించారు.

దీనివల్ల అందరికీ ఒకేలా ఉండదు. నాచారంలో పగటి షిఫ్టు నడిపే చిన్న ఇంజినీరింగ్ షెడ్డుకు ఇది మేలే. అదే పిండిమర, ఐస్ ఫ్యాక్టరీ, కోల్డ్ స్టోరేజీ లాంటివి పనిని మధ్యాహ్నానికి జరుపుకోగలిగితే లాభపడతాయి. కానీ సాయంత్రం ఏడుకే గిరాకీ ఉండే హోటల్, బేకరీ, కిరాణా కొట్టు ఏం చేస్తాయి? పగలంతా డ్యూటీకి వెళ్లి, రాత్రి ఇంటికొచ్చి మోటారు వేసి, వాషింగ్ మెషీన్ తిప్పే కుటుంబం తన వేళను ఎక్కడికి జరుపుకుంటుంది? వేళల రేట్లు పెట్టేటప్పుడు ఈ మనుషుల రోజు ఎలా గడుస్తుందో చూడాలి. 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోంది. ఆ ఊరట నిలబడాలన్నా సాయంత్రపు ఖరీదైన కరెంటు కొనుగోళ్లు తగ్గాల్సిందే.

డాబా మీది సోలార్ సంగతీ అంతే. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల దాకా గరిష్ఠంగా రూ.78,000 సబ్సిడీ ఉంది. మన ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. అంటే 3 కిలోవాట్లకు నెలకు 350 యూనిట్ల దాకా. సొంత డాబా, సొంత మీటరు ఉన్నవాళ్లకు మంచి బేరమే. కానీ ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడల్లో ఎంతోమంది అద్దెకుండేవాళ్లు, లేదంటే ఐదంతస్తుల్లో ఒక ఫ్లాట్ ఉన్నవాళ్లు. వాళ్లకు డాబా లేదు. ఒకచోట పెట్టిన ప్యానెళ్ల కరెంటును చాలా మీటర్లకు పంచి లెక్కగట్టే 'వర్చువల్ నెట్ మీటరింగ్' ఢిల్లీ లాంటి చోట్ల నిబంధనల్లోకి వచ్చింది. ఇలాంటివి అందరికీ అందుబాటులోకి వస్తేనే సోలార్ అద్దె ఇంటి గడప తొక్కుతుంది. మసీదులు, గుళ్లు, బడులు, ఫంక్షన్ హాళ్లకు విశాలమైన పైకప్పులున్నాయి. బడికి పగటి వాడకమే ఎక్కువ, మసీదులో జుహర్, అసర్ నమాజుల వేళ ఎండ ఉంటుంది. ఇలాంటి చోట్ల సోలార్ బాగా కలిసొస్తుంది.

చివరి వంద అడుగులు

రాష్ట్రంలో కరెంటు పుష్కలంగా ఉన్నా మన గల్లీలో పోవచ్చు. ఘనాపూర్‌లో 400 కేవీ కరెంటు 220కి దిగి, అక్కడినుంచి మెట్లు మెట్లుగా 132, 33, 11 కేవీలకు దిగి, చివరికి గల్లీ మూల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మన 230 వోల్టులవుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ పదేళ్ల కింద ఇరవై ఇళ్ల కోసం పెట్టింది కావచ్చు. ఇప్పుడు ఆ ఇళ్ల చోట అపార్టుమెంట్లు లేచాయి, ఒక్కో ఫ్లాట్‌లో రెండు ఏసీలు. మే నెల రాత్రి పదింటికి అందరూ ఒకేసారి స్విచ్ వేస్తే అది తట్టుకోలేదు. దానికి యాదాద్రి కట్టినా, సోలార్ పెట్టినా లాభం లేదు.

ఇందులో మన పాత్ర కూడా ఉంది. బిల్లు మీద ఉండే కాంట్రాక్టెడ్ లోడ్ ఒకసారి చూసుకోండి. ఒక కిలోవాట్ రాయించుకుని రెండు ఏసీలు పెట్టుకుంటే, ఆ గల్లీకి ఎంత సామర్థ్యం కావాలో పంపిణీ సంస్థకు కాగితం మీద కనిపించదు. ఏసీ గానీ, కారు ఛార్జర్ గానీ పెట్టేముందు లోడు రాయించుకోవడం మనకూ పక్కింటికీ మంచిది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిప్పురవ్వలు, వోల్టేజీ ఊగిసలాట కనిపిస్తే 1912కు ఫిర్యాదు చేయాలి, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోవాలి. స్కూటీకి, కారుకు ఛార్జింగ్ సాయంత్రం ఇంటికి రాగానే కాకుండా అర్ధరాత్రి తర్వాత, కుదిరితే పగలు పెట్టుకోవాలి. ఇంటి ట్యాంకు మోటారు మధ్యాహ్నం వేసుకోగలిగితే అదీ లెక్కలోకే వస్తుంది.

మొత్తం మీద చెప్పుకోవాల్సింది ఒక్కటే. రేపటి తెలంగాణకు 31 వేల మెగావాట్లు కావాలన్నది అంచనా. ఆ అంకె పెద్దదే, కానీ అది సగం ప్రశ్నే. మధ్యాహ్నం పన్నెండుకు ఆ కరెంటు తేవడం రానురాను తేలికవుతుంది. రాత్రి ఏడుకు, తెల్లవారుజామున నాలుగున్నరకు, సహరీకి పొయ్యి వెలిగే ఇంటికీ, రాత్రి షిఫ్టు నడిచే షెడ్డుకూ ఎంత ధరకు ఇవ్వగలమన్నదే అసలు ప్రశ్న. ఓట్లడగడానికి వచ్చే నాయకులైనా, రేట్ల పెంపుపై బహిరంగ విచారణ జరిపే విద్యుత్ నియంత్రణ మండలి అయినా, మనం అడగాల్సింది అదే.